కట్టకు కావలి యెవ్వరు?

కుందారపల్లి కూడలిలో నిలిచి చూచినచో సముద్రము కంటికి కానరాదు. మన యూరికిని బంగాళాఖాతమునకును నడుమ కొండలు, చేలు, పట్టణములు అనేకములు గలవు. అట్టి యూరివారికి తీరపు వరదలతోడను, సముద్రపు కట్టలతోడను ఏమి పని యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానము మన యేరే చెప్పుచున్నది.

నందికొండల ప్రాంతమున జనించిన దక్షిణ పినాకిని హోసూరు సీమలో ప్రవేశించి, కృష్ణగిరి మీదుగా సాగి, ధర్మపురి, తిరువణ్ణామలై, విళుప్పురము జిల్లాలను గడచి కడలూరు చెంత సముద్రమున గలియుచున్నది. తమిళులు దీనినే తెన్‌పెణ్ణై యందురు. వేపనపల్లి వైపునుండి వచ్చు మార్కండేయ నదియు దీనిలోనే కలియును. కావున మన చుట్టుపట్ల కురిసిన వాన చెరువులను నింపి, అలుగులు పారి, వాగులలో బడి, యేటిలో గలిసి, తుదకు కడలూరు తీరమును చేరుచున్నది. కొండసీమవాడు తన చెరువుకట్టను ఎట్లు కాచుకొనునో, దాని ఫలితము తీరమునందలివాడు అనుభవించును.

ఇది కేవలము మాటకు చెప్పినది కాదు. 2024 నవంబరు 30వ తేదీన ఫెంగల్ తుపాను పుదుచ్చేరి చెంత తీరము దాటెను. దాటిన పిమ్మట నది లోపలి సీమకు నడచి, మన జిల్లాయందలి ఊత్తంగరై పట్టణమున ఒక్క దినములో ఇంచుమించు 50 సెంటిమీటర్ల వాన కురిపించెను. బస్సులు, కార్లు నీటిలో కొట్టుకొనిపోయినవి. సాత్తనూరు ఆనకట్టనుండి క్షణమునకు ఒక లక్షా 68 వేల ఘనపుటడుగుల నీటిని విడువవలసి వచ్చెను. ఆ నీరు విళుప్పురము, కడలూరు జిల్లాల గ్రామములను ముంచివేసెను. సముద్రమునుండి వచ్చిన తుపాను కొండలపై కురిసి, కొండనీరు మరల తీరమును ముంచినది. ఇట్టిచో తీరపు గట్టు తీరమువారిదే యని యెట్లనగలము?

పూర్వపు టేర్పాటు

నీటి గండమునకు గట్టు కట్టుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనమును చరిత్రకారు లెరుగుదురు. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369వ సంవత్సరమున వేయించిన శాసన మది. వేయిమంది కూలివారు రెండేండ్లు పనిచేసి యా చెరువును కట్టిరని యందు గలదు. చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండకూడని 6 దోషములను ఆ శాసనము వివరించుచున్నది. పాతాళజలమును తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీరుగల యేరు, కట్టపనియందు ఆరితేరిన జనము మున్నగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, నీటికి మించిన ఆయకట్టు మున్నగునవి దోషములు. ఆ దోషములలో నొకటి మూడు రాష్ట్రముల సంధిలో బ్రదుకుచున్న మనము ప్రత్యేకముగా తలపోయదగినది: రెండు రాజ్యముల యెల్లపై చెరువుండరాదట! నేల మంచిదైనను, నీరు తీయనిదైనను, కావలి యెవరిదో తేలని కట్ట నిలువదని ఆనాటివారు గ్రహించిరి. మన్ను, రాయి మాత్రమే కట్టకు బలము గాదు; దానిని తమదనుకొనువారి శ్రద్ధయు బలమే.

ఆ శ్రద్ధకు తగిన యేర్పాటు లుండెడివి. తెలుగు సీమలలో చెరువు త్రవ్వించిన వారికి, బాగుచేయించిన వారికి దశబంధము పేర భూము లిచ్చుచుండిరి. తూము తెరచి మూయుటకు నీరుగంటి యుండెడివాడు. ఏ మడికి ఎన్ని గడియల నీరు చెల్లవలెనో, ఏ వానకు అలుగు పారునో, కట్ట యే తావున పలుచనైనదో అతని కెరుక. వేసవిలో ఊరివారందరు కూడి పూడిక తీసి, కట్టకు మన్ను వేసి, గండ్లు పూడ్చెడివారు. తమిళసీమలో దీనిని కుడిమరామత్తు అనిరి. ఆ పనిలో చేతులు, బుద్ధి రెండును ఊరివే. ఎప్పుడు చేయవలెనో, ఎచ్చట చేయవలెనో ఊరే నిర్ణయించుకొనెడిది.

1792లో బారామహల్ సీమ టిప్పు సుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. అలెగ్జాండరు రీడు, థామస్ మన్రో మున్నగువారు ఇచ్చట భూములను కొలిపించి శిస్తు నిర్ణయించిరి. శిస్తు లెక్కలు కచేరికి చేరిన కొలది చెరువు బాధ్యతయు మెల్లగా ఊరి చేయి జారి కచేరి చేతికి పోయెను. అయినను గండిపడినపుడు పూడ్చుటకు ఊరివారు కావలసియే యుండిరి. అందువలన చెన్నరాజధానిలో 1858లో నిర్బంధ శ్రమ చట్టమును చేసిరి. ఒకప్పుడు ఆచారమువలన కట్టపైకి వచ్చిన జనము ఇక చట్టభయమువలన రావలసిన వారైరి. చేతులు అవే చేతులు. మన్ను అదే మన్ను. కాని పూర్వము ఊరి యాలోచన ముందు, శ్రమ వెనుక. ఇప్పుడు ఆలోచన కచేరిది, శ్రమ ఊరిది. ప్రజల చేతులను పిలుచుట వేరు, ప్రజల బుద్ధిని పిలుచుట వేరు అను సత్య మిచ్చట స్పష్టమగుచున్నది. ఈ భేదమే మనము చెప్పబోవు విషయమున కంతటికిని మూలము.

తీరాంధ్రము నేర్చిన పాఠము

ఇక సముద్రతీరమునకు పోవుదము. మన బంధువర్గములలో తీరాంధ్రము నెరిగినవారు పలువురు గలరు. ఉప్పెన యను మాట వారికి భయంకరమైన మాట. దాని లక్షణ మిట్టిది. తుపాను కేంద్రమున గాలి యొత్తిడి తగ్గుటచే సముద్రమట్టము కొంత పైకి లేచును. దానికంటె నెక్కువగా, ప్రచండవాయువు సముద్రజలమును ముందునకు త్రోయును. తీరము చెంత సముద్రము లోతు తక్కువైనచో ఆ నీరు అడుగునకు పోవ వీలులేక గోడవలె నిలిచి నేలపైకి వచ్చును. ఆ సమయమునకే పోటు కూడ కలిసినచో ఇక చెప్పవలసినది లేదు. కృష్ణా, గోదావరుల ముఖద్వారముల చెంత సముద్రము లోతు తక్కువది, నేల పల్లపుది. అందుచే మచిలీపట్టణము 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనకు లోనై, 30 వేలమందివరకు ప్రాణములు కోల్పోయిరి.

నూట పదమూడేండ్ల తరువాత, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమపై అదే విపత్తు విరుచుకపడెను. మూడు నిలువులెత్తు నీరు ఊళ్లపై బడెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో పల్లెలకు పల్లెలే తుడిచిపెట్టుకొనిపోయినవి. మృతులు పదివేలకు తక్కువ కాదు. తుపాను వచ్చుచున్నదను వార్త ఆకాశవాణిలో రాలేదా యనిన, వచ్చినది. కాని ఆ వార్త వినినవాడు ఎచ్చటికి పోవలెను? ఏ యెత్తైన తావు గలదు? ఏ త్రోవ ముందు మునుగును? ముసలివారిని, పసివారిని, పశువులను ఎవరు తరలింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము ముందుగా కూర్చుండి ఆలోచించుకొననిచో హెచ్చరిక వట్టి శబ్దముగా మిగిలిపోవును.

దివిసీమ యుప్పెన పిమ్మట తీరము పొడవున తుపాను రక్షణ భవనములు లేచినవి. గ్రామములలో హెచ్చరిక లందించు నేర్పాటులు, జనమును తరలించు నేర్పాటులు బలపడినవి. దాని ఫలితము 1990 మే 9వ తేదీన కనబడెను. ఆనాడు కృష్ణాతీరమును తాకిన తుపాను 1977 నాటిదానికి బలమున తీసిపోనిది. అయినను ఆరు లక్షలకు మించిన జనమును ముందే సురక్షిత స్థలములకు చేర్చుటచే మృతుల సంఖ్య వేయి లోపుననే నిలిచెను. వేయి ప్రాణములును చిన్నమాట గాదు. కాని పదివేలతో పోల్చి చూచినపుడు ముందాలోచన యెంతటి రక్షయో తెలియగలదు.

ఆ రక్షణ భవనముల చరిత్రలో మరియొక పాఠము గలదు. ఏండ్లతరబడి తాళము వేసి యుంచిన భవనములు ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టి, పెచ్చులూడి, అవసరమునకు పనికిరాని స్థితికి వచ్చినవి. దినదినము మనుష్యసంచారము గల భవనములకు చీపురును, సున్నమును అందుచుండును. చెడిన తలుపును చూచి చెప్పువా డుండును. ఈ యనుభవమువలననే 2011లో ఆంధ్రప్రదేశము, ఒడిశా రాష్ట్రములలో ప్రారంభమైన జాతీయ తుపాను ముప్పు తగ్గింపు పథకమునందు, రక్షణ భవనము మామూలు దినములలో బడిగానో, ఊరి పనులకో ఉపయోగపడవలెననియు, దాని నిర్వహణకు స్థానిక సంఘముండవలెననియు విధించిరి. ఇందలి మర్మము సులభమైనది. బడిగా వాడిన భవనమునకు త్రోవ ఊరిలోని ప్రతి పిల్లవానికిని తెలియును. చీకటిలో, వానలో, భయములో కాలు తానే ఆ త్రోవ పట్టును.

మడ అడవుల సంగతియు నిట్టిదే. ఉప్పునీటిలో పెరుగు మడచెట్లు తమ వేళ్లతో ఒండ్రును పట్టి, అలల తాకిడిని తగ్గించును. వంటచెరకునకు నరకుటచేతను, పోటునీటి రాకపోకలు చెడుటచేతను కొన్నిచోట్ల మడనేలలు ఉప్పుతేలి బీడుపడినవి. 1990 తరువాతి దశాబ్దమున గోదావరి, కృష్ణా ముఖద్వారములలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, గ్రామసంఘములును కూడి ఆ బీళ్లను మరల చిగురింపజేసిరి. చేపముల్లు ఆకారమున కాలువలు తీసి, పోటునీరు లోపలికి వచ్చి మరలిపోవునట్లు చేసి మొక్కలు నాటిరి. ఏ పాయలో ఏ పోటుకు నీరెంతవర కెక్కునో తరతరములుగా చేపలు పట్టువారికి కరతలామలకము. శాస్త్రజ్ఞుని కొలతయు, పల్లెకారుని యెరుకయు కలిసినచోటనే పని సఫలమగును. నాటినవాడే కాచును, కాచినవాడే నరకబోయిన చేతిని పట్టుకొనును.

అన్యదేశముల యుదాహరణములు

ఈ సత్యమును అన్యదేశములవారును గ్రహించిరి. జపాను దేశమున హిరో యను గ్రామము గలదు. 1854 డిసెంబరులో భూకంపము కలిగి, దాని వెంట సముద్రము పొంగి వచ్చెను. హమగుచి గోర్యో యను వర్తకుడు చీకటిలో త్రోవ తెలియక తడబడు జనమునకు గుర్తుగా వరిగడ్డి మోపులకు నిప్పంటించి, వారిని మెరకకు చేర్చెను. అంతటితో ఆయన యూరకుండలేదు. ఇల్లు వాకిలి పోయిన గ్రామస్థులకు తన ధనముతో కూలి యిచ్చి, వారిచేతనే 600 మీటర్ల పొడవు, 5 మీటర్ల యెత్తు గల కట్టను నాలుగేండ్లలో పూర్తిచేయించెను. ఊరు విడిచిపోదలచినవారికి అన్నమును, నిలుచుటకు కారణమును ఒక్క పనియే యిచ్చినది. 1946లో మరల సముద్రము పొంగినపుడు ఆ కట్ట గ్రామములో నధికభాగమును కాపాడెను.

ఈ కథను ఆ ప్రాంతపు బడిపంతులొకరు పాఠముగా వ్రాయగా, 1937 మొదలు పదేండ్లు జపాను దేశపు బాలురందరు దానిని చదువుకొనిరి. 1903 నుండి ఆ యూరిలో ఏటేట ఒక ఉత్సవము జరుగుచున్నది. బడిపిల్లలు మన్ను తెచ్చి ఆ కట్టపై వేయుదురు. ఆ పిడికెడు మన్నువలన కట్ట యెత్తు పెరుగదు. కాని కట్ట యెందుకున్నదో మరువని తరము పెరుగును. మన ఊళ్లలో చెరువు నిండినపుడు గంగమ్మకు పూజచేసి కట్టపై పొంగళ్లు పెట్టుటయు ఇట్టి స్మరణమే గదా!

అదే దేశమున కమైషి యను రేవు గలదు. అచ్చట సముద్రములో మిక్కిలి లోతునుండి కట్టిన గొప్ప అలకట్ట 2009లో పూర్తియయ్యెను. రెండేండ్లకే, 2011 మార్చి 11వ తేదీన వచ్చిన సునామీకి అది విరిగెను. కాని ఆ పట్టణపు బడులలోని ఇంచుమించు మూడువేలమంది పిల్లలలో దాదాపు అందరును బ్రదికిరి. కొన్నేండ్లుగా వారికి బడిలో ప్రమాదపటములు గీయుటను, పరుగెత్తవలసిన త్రోవలను నేర్పియుండిరి. ప్రభుత్వపు పటములో తమ బడి ముంపులో లేకున్నను పెద్దపిల్లలు దానిని నమ్మి కూర్చుండక, చిన్నపిల్లల చేతులు పట్టుకొని మెరకకు, అచ్చటినుండి మరింత మెరకకు పరుగెత్తిరి. కట్ట విరిగినచోట చదువు నిలిచినది.

హాలెండు దేశములో సముద్రమట్టమునకు దిగువనున్న నేల చాల గలదు. అచ్చట 13వ శతాబ్దము నాటికే కట్టవెనుక భూమిగలవారు కూడి నీటిసంఘములుగా నేర్పడిరి. కట్టకు సొమ్మిచ్చువానికి కట్టవిషయమున మాటయు నుండవలెనని వారి నియమము. 1953 ఫిబ్రవరి 1వ తేదీన కట్టలు తెగి 1,836 మంది మరణించిన పిమ్మట ప్రభుత్వము మహానిర్మాణములను చేపట్టినను ఆ సంఘములను త్రోసివేయలేదు. నేటికిని వానికి ఎన్నికలు జరుగుచున్నవి.

మాతృభాషయు నొక గట్టే

ఇచ్చట మనబోటి భాషాల్పసంఖ్యాకులు ప్రత్యేకముగా గమనింపదగిన విషయమొకటి గలదు. ఇండోనీషియాలో సిమెలూ అను ద్వీపము గలదు. 1907లో సునామీ ఆ ద్వీపమును ధ్వంసము చేసెను. నేల కంపించి సముద్రము వెనుకకు పోయినచో కొండ యెక్కుడని అచ్చటి పెద్దలు తమ భాషలో కథలుగా, జోలపాటలుగా పిల్లలకు చెప్పుచు వచ్చిరి. ఆ యలకు వారిడిన పేరు స్మాంగ్. 2004 డిసెంబరు 26వ తేదీన భూమి కంపింపగనే స్మాంగ్ అను కేక లేచినది, జనము కొండలెక్కిరి. ఇంచుమించు 78 వేల జనములో మరణించినవారు ఏడుగురు మాత్రమే. యంత్రములు లేవు, వార్త చేరలేదు. తల్లిభాషలోని యొక్క మాట వారిని కాపాడెను.

మనకును అట్టి మాటలు గలవు. కట్ట, తూము, అలుగు, మరవ, వాగు, వంక, గండి, పూడిక, ఆయకట్టు, ముంపు. ఇవి నిఘంటువులో దాచుకొనవలసిన మాటలు గావు. ఒక్కొక్క మాట వెనుక నొక్కొక్క జాగ్రత్త గలదు. అలుగు తెలియని పిల్లవాడు అలుగునకు అడ్డముగా ఇల్లు కట్టుటలోని తప్పును తెలియడు. వంక యను మాట పోయిననాడు వంక యుండిన తావు ఇండ్లస్థలముగా అమ్ముడుపోవును. వాన వచ్చినపుడు నీరు తన పాత త్రోవను వెదకుకొనుచు ఇంటిలోనికి వచ్చును. పిల్లలు బడిలో ఏ భాషలో చదివినను, ఇంటిలో తాతలు, అవ్వలు ఈ మాటలను చెరువుకట్టపై నిలబెట్టి చూపి నేర్పవలెను. తమిళ, కన్నడ భాషలలో వానికిగల పేర్లను కూడ చెప్పవలెను. ఏలయన మన నీరు మూడు భాషల యూళ్లమీదుగా పారుచున్నది.

చేయదగిన పని

తెలిసినంతలో మన బడులు, ఊళ్లు చేయదగిన పని పెద్ద ధనముతో కూడినది కాదు. ప్రతి బడిలోను తమ యూరి చెరువు పటమును పిల్లలచేత గీయింపవచ్చును. నీరెచ్చటినుండి వచ్చును, ఎచ్చట నిలుచును, అలుగు పారి ఎచ్చటికి పోవును అని గుర్తింపజేయవచ్చును. చదునైన యడుగు గల సమానమైన పాత్రలో పడిన వానను కొలబద్దతో కొలచి దినచర్యలో వ్రాయింపవచ్చును. ఏ సంవత్సరమున ఏ గట్టు తెగినదో, నీరు ఏ గుడిమెట్టువరకు వచ్చినదో పెద్దల నడిగి గోడపై గుర్తు వేయింపవచ్చును. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో జరుగు గ్రామసభలలో ఆ పటమును పిల్లలే చూపింపవచ్చును. ఇంజనీరు వచ్చినపుడు అతని పటము ప్రక్క ఈ పటమును పరచినచో, అతనికి సహాయము, ఊరికి గౌరవము.

ప్రభుత్వములును ఈ త్రోవను కొంత తొక్కినవి. ఆంధ్రప్రదేశమున 1997లో రైతుల నీటిసంఘములకు చట్టము వచ్చెను. తమిళనాడున 2017లో కుడిమరామత్తు పేర చెరువుల పనిని మరల నారంభించిరి. పేరు పూర్వపుదే, పూర్వపు బుద్ధియు దానితో వచ్చునా యనునది ఊరివారి చేతిలో నున్నది. పని జరుగు దినమున కూలికి మాత్రమే పోయినచో 1858 నాటి రీతియే నిలుచును. ఎచ్చట, ఎందుకు, ఎంత యని ముందు నాడే అడిగినచో నీరుగంటి నాటి రీతి మరల లేచును.

నిపుణులు అక్కరలేదని మన వాదము గాదు. 1957లో కృష్ణగిరి ఆనకట్టను కట్టినది నిపుణులే. అది వేలాది యెకరములను పండించినది. కాని 2017 నవంబరులో దాని తలుపులలో నొకటి చెడి నీరు పొరలిపోయినపుడు, దిగువ గ్రామములవారికి కంటికి కునుకు లేకపోయెను. ఎంతటి గట్టి కట్టకైనను కాలము గలదు. దానిని దినదినము చూచు కన్ను కావలెను. ఆ కన్ను రాజధానిలో నుండదు; కట్టక్రింది ఊరిలో నుండును.

నీరు భాష నడుగదు, జిల్లా యెల్లను చూడదు, కులమును విచారింపదు. కడలూరు తీరమున గుడిసె వేసికొన్న జాలరికిని, కుందారపల్లి చేనిలో రాగి విత్తిన రైతుకును ఒక్క యేరే చుట్టరికము కలిపినది. తరతరములుగా ఈ సీమలో స్థిరపడి, ఈ మట్టిని తమదిగా చేసికొన్న తెలుగు కుటుంబములవారు తమ భాషను కాపాడుకొనుటలో చూపు పట్టుదలను తమ యూరి కట్టను కాపాడుటయందును చూపుదురు గాక. కట్టకు కావలి యెవ్వరను ప్రశ్నకు, మేమే యని పిల్లలతో గూడ పలుకగల యూరే సురక్షితమైన యూరు.